తాడిపత్రి బండలకు యాసిడ్ వద్దు



అనంతపురం జిల్లాలో ఏ ఊళ్లో చూసినా, ఎక్కువ ఇళ్లలో కాలి కింద ఉండేది తాడిపత్రి బండే. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట చాప కూడా పరుచుకోకుండా దాని మీదే పడుకుంటాం. ఆ బండను ఎట్లా శుభ్రం చేసుకోవాలి, తుడిచే మనిషి ఆరోగ్యం ఎట్లా కాపాడుకోవాలి అన్నదే ఈరోజు నా మాట.

ముందు ఆ రాయి ఏమిటో తెలుసుకుందాం. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు భూమిలో పొరలు పొరలుగా దొరికే ఈ బండ సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న సున్నం గట్టిపడి ఇట్లా తయారైంది. కడప, కర్నూలు ప్రాంతాల రాతిపొరల గురించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే వివరమైన గ్రంథం రాశాడు. తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ సున్నపురాయి ఉండబట్టే.

సున్నపురాయికి పులుపు పడదు. మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. పండగ ముందరో, గృహప్రవేశం అయినాకో, బండల మీద మరకలు పోవాలని బాత్‌రూం యాసిడ్ నీళ్లలో కలిపి పోస్తారు. బుసబుసమని నురగ వస్తుంది. మురికి పోతోందని సంతోషిస్తాం. నిజానికి ఆ నురగలో పైకి వచ్చేది కార్బన్ డయాక్సైడ్ వాయువు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం రాతిలోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తోందన్నమాట. మరకతో పాటు బండ పైపొర కూడా పోతుంది. నున్నదనం పోయిన చోట సన్నని గుంతలు పడి, వాటిలో మట్టి ఇంకా ఎక్కువగా చేరుతుంది. నెల తిరక్కుండానే మళ్లీ యాసిడ్ కావలసి వస్తుంది. బండల సందుల్లో నింపిన సిమెంటునూ అది తినేస్తుంది. ఆ సందుల్లో చీమలు, బొద్దింకలు కాపురం పెడతాయి.

రాయి సంగతి అట్లా ఉంచండి. కిటికీలు మూసిన గదిలో కూర్చుని ఆ ఘాటును పీల్చే ఆడమనిషి గొంతు, ఊపిరితిత్తులు ఏం కావాలి? ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపవద్దు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణానికే ముప్పు. పొరపాటున కలిస్తే దాన్ని కడిగే పని పెట్టుకోకుండా, పిల్లలను తీసుకుని వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. యాసిడ్ ఒంటి మీద పడితే ధారగా పడే నీళ్లతో ఇరవై నిమిషాలు కడగండి. పిల్లలు తాగితే వాంతి చేయించవద్దు, ఆస్పత్రికి తీసుకుపోండి. తాగేనీళ్ల సీసాల్లో యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

మీ ఇంట్లో వేసింది గ్రానైటో, సున్నపురాయో తెలియకపోతే, మిగిలిన బండముక్క మీద ఒక నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగి తుడవండి. మెరుపు పోయి మచ్చ పడిందంటే అది సున్నపురాయే. నిమ్మకాయ, చింతపండు పులుసు, మజ్జిగ ఒలికినా వెంటనే తుడవాలి.

ఇక మన గాలి సంగతి. ఆషాఢ, శ్రావణాల్లో పడమటి గాలికి ఎర్రమట్టి లేచి ఇంట్లోకి వస్తుంది. ఆ మట్టిలోని ఇసుకలో పలుగురాయి పొడి ఎక్కువ. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలమానంలో పలుగురాయిది 7, సున్నపురాయిలోని ఖనిజానిది 3. కాబట్టి చెప్పులకు అంటుకొచ్చిన ఇసుక బండ మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మెరుపు తగ్గడానికి చాలా ఇళ్లలో అసలు కారణం ఇదే. ముందు కసువు ఊడ్చి, ఆ తర్వాతే తడిబట్ట పెట్టాలి. దుమ్ము లేవకుండా మెత్తని పొరకతో నెమ్మదిగా ఊడవండి. ఆయాసం ఉన్నవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊడవాలి, లేదంటే ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పాలి. వాకిట్లో ఒక గోనెపట్ట, గడప లోపల ఒకటి వేస్తే సగం ఇసుక అక్కడే ఆగిపోతుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మనది. బండలు కడగడానికి బిందెలు బిందెలు కుమ్మరించనక్కరలేదు, అది మంచిది కూడా కాదు. బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు ఆరిపోతాయి, లవణాలు తెల్లటి చారలై మిగిలిపోతాయి. అర బకెట్ నీళ్లలో కొంచెం మెత్తటి సబ్బు కలిపి, బాగా పిండిన బట్టతో తుడవండి. తర్వాత ఉత్త నీళ్లతో ఒకసారి, ఆరకముందే పొడిబట్టతో ఒకసారి తుడిస్తే చారలు పడవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కర్ర కట్టిన తుడుపు వాడుకోవాలి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

అమెరికాలో బిడ్డల దగ్గరికి పోయే తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. అక్కడ చాలా ఇళ్లలో కింద చెక్క పరిచి ఉంటుంది. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, పలకల అంచులు పైకి లేస్తాయి. అక్కడ బకెట్ ఎత్తవద్దు. పొడిగా ఊడ్చి, తడీపొడీగా ఉన్న బట్టతో తుడిస్తే చాలు.

పసుపు మరక మీద సబ్బు వేస్తే ఎర్రబారుతుంది, భయపడవద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఇందువల్లే. కడిగేకొద్దీ, వెలుతురు తగిలేకొద్దీ అది తగ్గుతుంది. శనగనూనె మరక మీద వంటసోడా ముద్ద పట్టించి, రాత్రంతా ఉంచి, ఎండినాక తీసేయండి. గ్యాస్ సిలిండర్ కింద తుప్పు వలయం పడకముందే రబ్బరు చుట్టు వేసుకోండి.

నల్లబండ నిగనిగలాడాలని కిరసనాయిలు, కొబ్బరినూనె రుద్దేవాళ్లున్నారు. ఆ నిగారింపు నాలుగు రోజులే. దుమ్ము అంటుకుంటుంది, కాలు జారుతుంది. పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగితే లేచి నడవడానికి నెలలు పడుతుంది. మెరుపు నిజంగా పోయిన బండకు మిషన్ పాలిష్ పెట్టించాల్సిందే. అప్పుడు కూడా బాత్‌రూం లోపల, దాని గడప ముందర, తొట్టి పక్కన మాత్రం పాలిష్ పట్టని గరుకు బండనే ఉంచుకోండి.