నటన నేర్వాలనుకునే పిల్లలకు, వారి పెద్దలకు



పీయూసీ పరీక్షలు ముగిసిన వారంలో ఒక విద్యార్థి, వాళ్ల నాయన కలసి మా ఇంటికి వచ్చారు. అబ్బాయి చేతిలో రంగుల కాగితం ఒకటి ఉంది. ఆరు నెలల నటన శిక్షణ, ఆపైన సినిమాలో అవకాశం ఖాయం అని అందులో అచ్చువేశారు. "సార్, బర్రెను అమ్మి ఫీజు కట్టేదా, వద్దా? మీరెట్ల చెప్తే అట్ల" అన్నాడు తండ్రి. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆనాడు వారికి చెప్పిన మాటలే ఈనాడు మీకూ చెబుతాను.

నటన నేర్వదగిన విద్యే. మన బళ్ళారిలో ఈ మాటకు వేరే సాక్ష్యం అక్కరలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించింది ఇక్కడే. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ వకీలు వృత్తి చేస్తూనే మహానటుడయ్యారు. బతుకుతెరువు, కళ ఒకదానికొకటి శత్రువులు కావని ఆయన జీవితమే చెబుతుంది.

అయితే ఎక్కడ నేర్వాలి? ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల 1959లో ఏర్పడింది. అక్కడి డిప్లొమా మూడేళ్లు. విద్యార్థులకు ఉపకారవేతనం కూడా ఇస్తారు. కాని అందులో చేరడానికి డిగ్రీ ఉండాలి, నాటకాలలో పాల్గొన్న అనుభవమూ ఉండాలి. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ సంస్థలో నటన కోర్సుకు కూడా డిగ్రీ కావాలి. కనుక పీయూసీ కాగానే ఆ తలుపులు తెరుచుకోవు. ఆ మూడేళ్లు వృథా అనుకోకండి. పగలు కాలేజీ, సాయంత్రం ఊరి నాటక సమాజం. అడిగిన రెండు అర్హతలూ అలాగే సమకూరుతాయి.

మన రాష్ట్రంలోనే శివమొగ్గ జిల్లా సాగర తాలూకా హెగ్గోడు అనే పల్లెలో నీనాసం ఉంది. కె.వి. సుబ్బణ్ణగారు 1949లో నెలకొల్పిన ఈ సంస్థ 1980లో నాటక శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడే ఉండి పది నెలలు నేర్చుకోవాలి. బోధన కన్నడంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మన పిల్లలకు ఇది అడ్డంకి కాదు, పైగా బలం. రెండు భాషల ఉచ్చారణ చెడకుండా పలకగలిగిన నటునికి రెండు వేదికలు ఉంటాయి గదా!

ప్రైవేటు శిక్షణాలయాలన్నీ చెడ్డవని నేను అనను. డబ్బు కట్టేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. పాఠం చెప్పేవారెవరు, వారు ఏయే నాటకాలు చేశారు? గొంతుకూ శరీరానికీ రోజూ ఎన్ని గంటల సాధన? కోర్సు ముగిసేలోగా ప్రేక్షకుల ఎదుట పూర్తి నాటకం ఆడిస్తారా? మధ్యలో మానుకుంటే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు? ఈ చివరి మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. పాత విద్యార్థులను ఇద్దరినైనా కలవండి. అవకాశం ఖాయం అన్న చోట మరింత జాగ్రత్త. విద్య నేర్పుతామని గురువు మాట ఇవ్వగలడు. వేషం ఇప్పిస్తానని ముందే మాట ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "నాటకాల పిచ్చి" అని కొట్టివేయకండి. కొట్టివేసిన ఇంటి పిల్లలే చెప్పకుండా అప్పుచేసి మోసపోతారు. పక్కన కూర్చుని ఆ కాగితం మీరూ చదవండి.

ఆ అబ్బాయి నామీద కోపంతో ఏడాదిపాటు ఎదురుపడినా పలకరించలేదు. నేను వాని దారికి అడ్డుపడ్డానేమోనని నాకూ బాధగానే ఉండేది. డిగ్రీలో చేరి, సాయంత్రాలు ఒక సమాజంలో మొదట తెర లాగాడు, తరువాత చిన్న వేషాలు కట్టాడు. ఈమధ్య ప్రవేశానికి దరఖాస్తు రాయించుకోవడానికి మళ్లీ మా ఇంటికి వచ్చాడు. సీటు వస్తుందో రాదో చెప్పలేను. ఈసారి తండ్రి కూర్చున్నాడు. బర్రె కూడా ఇంట్లోనే ఉంది.