సలేశ్వరం దారిలో మా పిల్ల



అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కి సఫారీ బండిలో పోవచ్చు. పిల్లల్ని ఒకసారి తీసుకుపోయాను. దుమ్ము, కుదుపులు తప్ప ఏమీ గుర్తులేదు. సలేశ్వరం అట్లా కాదు. చైత్ర పౌర్ణమి జాతరకు కొద్దిరోజులే ఆ దారి తెరుస్తారు. బండ్లు ఆగిన చోటు నుంచి లోయలోకి కాలినడకే. అక్కడ లింగమయ్యకు పూజ చేసేది మన చెంచులే.

పోయినేడు నాతో నడిచిన ఎనిమిదో తరగతి చెంచు పిల్ల క్లాసులో నోరు విప్పదు. దారిలో మాత్రం "మేడమ్, ఇది నల్లమద్ది. ఆ చెదపుట్టను ఎలుగు తవ్వింది" అని చెబుతూనే ఉంది. బీఈడీ చదివిన నాకు సగం చెట్లు తెలియవు!

తిరిగొచ్చేటప్పుడు ఖాళీ నీళ్ల సీసాలు ఏరడం మొదలుపెట్టింది. "ఇది మా తాత తేనెకు తిరిగే చోటు మేడమ్" అంది. పక్కన పోతున్న ఒకాయన, ఊడ్చే పనికి వచ్చిందనుకున్నాడో ఏమో, తన సీసా కూడా ఆమె చేతిలో పెట్టి పోయాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. వార్డెన్‌ని, నేనూ అనలేకపోయాను. అది ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఈసారీ పోతున్నాం. వచ్చేవాళ్లు పేర్లివ్వండి. ఎవరి సీసా వాళ్లే వెనక్కి తేవాలి. ముందు ఆ పిల్ల నడుస్తుంది.