ముల్లు చెప్పిన సంగతి

కాలిలో ముల్లు దిగితే ఆ చోటు వాస్తుంది. ఒక్కోసారి చీము పడుతుంది. ఎందుకు?

దీని గుట్టు విప్పింది రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్. 1845లో పుట్టాడు. సముద్రపు జీవుల మీద పరిశోధన చేసేవాడు.

1882లో ఆయన ఒడెస్సాలో కొలువు వదులుకున్నాడు. ఇటలీలో మెస్సినా సముద్రతీరానికి వెళ్లాడు. అక్కడ నక్షత్ర చేప పిల్లల్ని సూక్ష్మదర్శినిలో చూసేవాడు. వాటి ఒళ్లు గాజులాంటిది. లోపల జరిగేదంతా కనబడుతుంది. ఒకనాడు వాటి ఒంట్లో చిన్న ముల్లు గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లారి చూస్తే, కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి!

మన రక్తంలోని తెల్లకణాలూ ఇంతే. రోగక్రిముల్ని పట్టి మింగేస్తాయి. ఆ పోరులో చచ్చిన కణాలే చీములో ఉంటాయి.

ఈ మాట మొదట చాలామంది నమ్మలేదు. ఆయన పట్టు విడవలేదు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ముల్లు గుచ్చుకుంటే వెంటనే తీసి, సబ్బుతో కడగండి. ఒంట్లోని కాపలాదారులకు మనమూ సాయపడాలి గదా!