హిమగిరుల ఛాయాచిత్రాలు - నేను నేర్చిన రెండు పాఠాలు

(ప్లాటినమ్ జూబిలీ ఛాయాచిత్ర ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 సంవత్సరాల ఛాయాచిత్రాల ప్రదర్శనను ప్రారంభిస్తూ నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం నన్ను ఆదేశించింది. ఈ కళలో నేను నిపుణురాలిని కాను. అయితే 1997లో తోటి ఉపాధ్యాయినులతో గంగోత్రి నుండి గోముఖానికి కాలినడకన వెళ్లినప్పుడు, అరువు తెచ్చుకొన్న కెమెరా ఒకటి నాకు రెండు పాఠాలు నేర్పింది.

బరంపురంలో పెరిగిన మనకు కొండ అనగానే మహేంద్రగిరి స్ఫురిస్తుంది. దాని ఎత్తు 1,501 మీటర్లు. గోముఖం దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన, వెలుగు తీక్ష్ణం. ఇంటికి వచ్చి ఫిల్మ్ కడిగిస్తే, కన్నులు మిరుమిట్లు గొలిపిన ఆ ధవళ శిఖరాలు పొయ్యిలోని బూడిదవలె కనిపించాయి. కారణం తరువాత తెలిసింది. కెమెరాలోని కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ నడిమి బూడిదవన్నెగా భావించి లెక్క కడుతుంది. మంచును చూసి వెలుగు అధికమని పొరబడి తగ్గిస్తుంది. కనుక అది చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లు వెలుగు అధికంగా ఇవ్వాలి. నేటి డిజిటల్ కెమెరాకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. అలాగే, మధ్యాహ్నపు వెలుగులో పర్వతం చదునుగా కనిపిస్తుంది. ఉదయ సాయంకాలాల ఏటవాలు కిరణాలే దాని మడతలనూ లోతునూ చూపుతాయి. యంత్రం చెప్పినదానిని మన వివేకంతో సరిచూసుకోవాలన్నది మొదటి పాఠం.

రెండవ పాఠం నేటికీ నన్ను బాధిస్తుంది. గోముఖం వద్ద మంచుగోడను చిత్రించబోతుండగా, మా సామాను మోసిన పర్వతప్రాంతపు యువకుడు ఎదుట నిలిచి ఉన్నాడు. చిత్రం పాడవుతుందని, పక్కకు తొలగమని సైగ చేశాను. అతడు నవ్వి తొలగాడు. ఆ చిత్రం నా వద్ద ఉంది. అందులో మనిషి లేనందువల్ల ఆ గోడ ఇంటి ఎత్తో, తాటిచెట్టు ఎత్తో ఎవరూ చెప్పలేరు. అతడు అక్కడే ఉంటే ఆ మంచుకు కొలత దొరికేది. రెండు రోజులు నా బరువు మోసినవాని పేరైనా నేను అడగలేదు.

1863లో భారతదేశానికి వచ్చిన సామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1866లో గంగోత్రి హిమానీనదాన్ని చిత్రించాడు. ఆనాడు గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడే గుడారంలో కడగవలసి ఉండేది. ఆ గాజును, రసాయనాలను, గుడారాన్ని కూలీలే మోశారు. చిత్రాల కింద బోర్న్ పేరు నిలిచింది. మోసినవారి పేర్లు నిలవలేదు.

ఇటువంటి చిత్రాల విలువ అందానికే పరిమితం కాదు. ఇటలీ దేశీయుడు విత్తోరియో సెల్లా 1909లో కారకోరం శ్రేణిలో తీసిన చిత్రాలను, 2009లో ఫాబియానో వెంతూరా అవే స్థలాల నుండి తిరిగి తీసి, హిమానీనదాలలోని మార్పును పోల్చి చూపాడు. ఎక్కడ, ఎప్పుడు తీసినదో తెలిసినందువల్లనే ఆ చిత్రాలు సాక్ష్యాలయ్యాయి. గోముఖం కూడా గత శతాబ్దంలో కిలోమీటరుకు మించి వెనుకకు జరిగింది. నా చిత్రం వెనుక నేను తేదీ వ్రాయలేదు, నిలిచిన చోటు గుర్తించలేదు. అది నాకు జ్ఞాపకమే గాని, మరొకరికి ఆధారం కాదు.

ఇప్పుడు ఈ గోడల వంక చూడండి. ప్రతి సంవత్సరపు సామూహిక చిత్రంలోనూ ఉపాధ్యాయులు కుర్చీలలో ఉన్నారు, విద్యార్థులు వరుసలలో ఉన్నారు. గంట కొట్టినవారు, నీళ్లు మోసినవారు, పసిపిల్లల చేయి పట్టి రోడ్డు దాటించిన ఆయా ఎక్కడ? మనమే వారిని పక్కకు తొలగమన్నామేమో! వారు లేకుండా ఈ పాఠశాల ఎత్తును మనం ఎట్లా కొలవగలం?

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి చిత్రం కింద ఒక కాగితం అంటించి ఉంచాము. మీకు గుర్తున్న పేర్లు, సంవత్సరం వ్రాయండి. చిత్రంలో లేనివారి పేర్లు కూడా వ్రాయండి. ఈ మధ్యాహ్నం తీయబోయే సామూహిక చిత్రంలో మన వంటవారు, కాపలాదారు, ఆయాలు ముందు వరుసలో కూర్చుంటారు. ఈసారి పేర్లతో సహా అచ్చు వేస్తాము.