జిగర్ జబ్బు – చైనా మూలికలు – మన జాగ్రత్త

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మేము మాట్లాడదలచిన విషయం కాస్త బరువైనదే. కాలేయానికి వచ్చే క్యాన్సరు, దానికి చైనావారి సంప్రదాయ వైద్యంలో వాడే మూలికలు. "చైనా సంగతి మనకెందుకండీ?" అని ఎవరైనా అడగవచ్చు. ప్రపంచంలో ఈ జబ్బు బారిన పడేవారిలో సుమారు సగం మంది చైనావారే. దీనికి మూలికలు వాడి, ఫలితం లెక్క చూసినవారిలోనూ వాళ్ళే ముందున్నారు. ఇక మన ఇళ్ళ సంగతి చూడండి. కామెర్లంటే పసరు, జిగర్ వాపంటే షర్బత్. క్యాన్సరని డాక్టరు చెప్పిన రోజునే నలుగురు వచ్చి నాలుగు పొడులు చెప్పిపోతారు. వాటిలో ఏది మేలు, ఏది కీడు అని తేల్చుకునే దారి మనకు తెలియాలి.

చైనా వైద్యులు రోగి నాడి చూసి, నాలుక చూసి, అనేక మూలికలు కలిపి కషాయం ఇస్తారు. మన హకీములు మిజాజ్ చూసి మందు కట్టినట్లే అనుకోండి. అయితే అక్కడి పెద్ద ఆసుపత్రుల్లో ఆపరేషనూ ఉంటుంది, మూలికా ఉంటుంది. ఒకటి ఉంటే రెండోది వద్దని అనరు. మొదట గమనించవలసిన సంగతి ఇది.

పాత మందును పరీక్షకు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. అక్కడ చెట్ల మానుల మీద మొలిచే ఒక పుట్టగొడుగును 'హువాయర్' అంటారు. దాని గుళికలను 39 ఆసుపత్రుల్లో, ఆపరేషనుతో గడ్డ తీయించుకున్న 1044 మంది మీద పరీక్షించి, 2018లో ఫలితం ప్రకటించారు. రెండేళ్ళకు కొంచెం తక్కువగా, 96 వారాల కాలంలో, మందు వాడినవారిలో నూటికి 62 మందికి జబ్బు తిరగబెట్టలేదు. వాడనివారిలో ఆ సంఖ్య 49. ఇది చిన్న మేలు కాదు. కాని వాడనివారికి ఉత్తుత్తి గుళికలైనా ఇవ్వలేదు గనుక ఫలితాన్ని కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. మరొక మాట మరువరాదు. వీరందరూ ముందు ఆపరేషను చేయించుకున్నవారే. కత్తి పని పుట్టగొడుగు చేయలేదు.

అలాగే 'యిన్‌యాంగ్‌హువో' అనే మూలిక నుంచి వచ్చిన ఐకారిటిన్ అనే మందుకు, ఆపరేషనుకు వీలుకాని రోగుల కోసం 2022లో చైనా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అది వంటింట్లో కాచిన కషాయం కాదు. కొలత ప్రకారం తయారై, పరీక్షలు దాటిన మందు. అదీ జబ్బును పూర్తిగా కుదిర్చేది కాదు.

ఇక రెండో వైపు చూద్దాం. చెట్టు నుంచి వచ్చింది గనుక హాని చేయదనుకోవడం పెద్ద భ్రమ. చైనా వైద్యంలో కొన్ని మూలికలలో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సరునూ తెస్తుంది. తైవాన్‌లో 98 మంది కాలేయ గడ్డలను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితం ప్రకారం, నూటికి 78 గడ్డలలో ఆ విషం చేసిన గుర్తులు కనబడ్డాయి. మన పల్లెల్లో 'ఈశ్వరి' అని పిలిచే తీగ కూడా ఆ జాతిదే. మన పసుపునే తీసుకోండి. కూరలో వేసుకునే పసుపుతో ఏ భయమూ లేదు. కాని దాని సారం తీసి, మిరియాల సారం కలిపి అమ్మే బిళ్ళలు మింగి కాలేయం దెబ్బతిన్నవారు అమెరికాలో ఉన్నారు.

మనకు బాగా తెలిసిన నేల ఉసిరి సంగతీ చెప్పాలి. మద్రాసు పరిశోధకులు 1988లో హెపటైటిస్-బి మోస్తున్నవారికి నెల రోజులు దాని పొడి ఇచ్చారు. 37 మందిలో 22 మందికి ఆ వైరసు గుర్తు రక్తంలో కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకమంతా సంతోషించింది. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలితం రాలేదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదని దీనివల్ల తెలుస్తోంది.

మరి జబ్బు రాకుండా చేసిందేమిటి? యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలిసే చోట చిదాంగ్ అనే ప్రాంతముంది. ఒకప్పుడు కాలేయ క్యాన్సరుకు పేరుమోసిన చోటు. అక్కడివారు తినే మొక్కజొన్నకు బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరేది. హెపటైటిస్-బి కూడా ఎక్కువ. ఈ రెండూ కలిస్తే నిప్పుకు నెయ్యి తోడైనట్లే. 1980 తరువాత జనం మొక్కజొన్న మాని వరి అన్నానికి మళ్ళారు. పడుచు వయసువారిలో ఈ క్యాన్సరు మరణాలు బాగా తగ్గాయి. 1983 నుంచి అక్కడ పసిపిల్లలకు హెపటైటిస్-బి టీకాలు కూడా మొదలుపెట్టారు. ఏ కషాయమూ చేయని పని మంచి గింజా, టీకా చేశాయి.

ఆ టీకా మనకు దూరమైనదేమీ కాదు. మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా 1997లో మన హైదరాబాదులోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో వచ్చింది. ఇప్పుడు సర్కారు దవాఖానాలలో ఉచితంగా వేస్తున్నారు. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు పడాలి. "నలభై రోజులు కానివ్వండి" అని పెద్దలు ఆపవద్దు.

చివరగా మా మనవి ఇది. ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్-బి ఉంటే తక్కినవారంతా రక్తపరీక్ష చేయించుకోండి. హెపటైటిస్-సి అయితే మూడు నెలల మాత్రలతో ఇప్పుడు దాదాపు అందరికీ నయమవుతోంది. బూజు పట్టిన వేరుశెనగ, మొక్కజొన్న పారేయండి. వేయించినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. క్యాన్సరు ఉన్నవారు పొడి, కషాయం, బిళ్ళ ఏది వాడుతున్నా డాక్టరుగారికి ఆ సీసా చూపించండి. కోప్పడతారని దాచిపెడితే నష్టం డాక్టరుకు కాదు, రోగికి. అన్నిటికంటే ముఖ్యం, మూలిక పేరు చెప్పి ఆపరేషను వాయిదా వేయకండి. ఈ జబ్బు చాలా కాలం నొప్పి తెలియనివ్వదు. చిన్న గడ్డగా ఉన్నప్పుడు తీయగలిగింది, ఆరు నెలలు పొడులు మింగి వెళ్తే తీయలేకపోవచ్చు.

మూలికలను చిన్నచూపు చూడమని మేము అనడం లేదు. పరీక్షకు నిలిచినదాన్ని గౌరవిద్దాం, నిలవనిదాన్ని వదులుకుందాం.