సర్దుకుపొమ్మనకండి



ఇంట్లో పిల్లకు మెడిసిన్‌లో సీటు వచ్చిందంటే వీధంతా మిఠాయి పంచుతాం. హాస్టల్లో దింపి, పచ్చడి సీసాలు సర్దిపెట్టి, ‘ఇక ఫరవాలేదు’ అనుకుని వచ్చేస్తాం. నేనూ అలాగే అనుకునేదాన్ని.

కిందటి దసరాకు మా అక్కయ్య కూతురు వచ్చింది. పి.జి. చదువుతోంది. నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, “పిన్నీ, నేనింక ఆ కాలేజీకి వెళ్లను” అంది. నాకు నోట మాట రాలేదు.

రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున్న రౌండ్సులో ఏదో రిపోర్టు సంగతి చెప్పలేకపోయిందట. పెద్ద డాక్టరుగారు రోగుల ముందే కేసు షీటు విసిరికొట్టి, “వెళ్లి వంట చేసుకో” అన్నారట. సీనియర్లు నవ్వారట. “మందు మోతాదులో అనుమానం వచ్చినా అడగడం మానేశాను పిన్నీ, తిడతారని” అంది.

ఆలోచించండి. అడగడానికి భయపడే డాక్టరు ముందు రేపు మంచం మీద ఉండేది మనవాళ్లే కదూ! తప్పు దిద్దడం వేరు, మనిషిని చులకన చేయడం వేరు.

‘మేమూ ఇలాగే పడ్డాం’ అంటారు పెద్దలు. తాను పడ్డ ఆరళ్లన్నీ కోడలికి పెట్టే అత్తగారిని మనం మెచ్చుకుంటామా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అయినా 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో, టాండాలోని మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం కుర్రవాడొకడు సీనియర్ల దెబ్బలకు ప్రాణం వదిలాడు. ఆ ఏడే యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు చేసింది. 2021లో జాతీయ వైద్య కమిషన్ మెడికల్ కాలేజీలకు విడిగా నిబంధనలు తెచ్చింది. రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా రోజుకు 12 గంటలకు మించి వరస డ్యూటీ వేయరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. కాగితం మీద ఉన్నది వార్డులోకి రావాలంటే అడిగేవాళ్లుండాలి.

కాబట్టి పిల్ల ఫోనులో “ఏం లేదులే అమ్మా” అంటే అక్కడితో వదిలెయ్యకండి. నిద్రపోతోందా, వేళకు తింటోందా అడగండి. జరిగింది తేదీతో సహా రాసిపెట్టుకోమనండి. కాలేజీలోని ర్యాగింగ్ నిరోధక కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. 1800-180-5522 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు.

మా అక్కయ్య మొదట “ఇంత దూరం వచ్చి మానేస్తావా, ఓర్చుకోవే” అంది. తర్వాత బావగారు కాగితం పట్టుకుని కూతురితో పాటే కాలేజీకి వెళ్లారు. పిల్ల చదువు మానలేదు. ఆ రోజు నేనూ ‘సర్దుకుపో’ అని ఉంటే ఏమయ్యేదో! తలచుకుంటే ఇప్పటికీ భయమే.