ముహర్రం పదవ దినం: శుభమా, అశుభమా?

 



నేడు హిజ్రీ 1447 ముహర్రం 8. ఎల్లుండి ఆదివారం ఆషూరా. ఏటా ఈ రోజులు రాగానే మన ఫోన్లలో ఒక జాబితా తిరుగుతుంది. ఆదం (అలైహి) పశ్చాత్తాపం అంగీకరించబడినది ఆ రోజేనట. నూహ్ (అలైహి) ఓడ నిలిచినదీ, ఇబ్రాహీం (అలైహి)కు అగ్ని చల్లబడినదీ, యూసుఫ్ (అలైహి) బావి నుండి బయటపడినదీ, యూనుస్ (అలైహి) చేప కడుపు నుండి విముక్తి పొందినదీ ఆ రోజేనట. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే దీనికి ఆధారమేమిటి?

ఓడ జూదీ కొండపై ఆగిందని దివ్యఖుర్ఆన్ హూద్ సూరాలో తెలిపింది, తేదీ తెలుపలేదు. ఓడను గురించి ఒక ఉల్లేఖనం ఉన్నా దాని పరంపర బలహీనమైనది. ఇక ఈ సంఘటనలన్నింటినీ ఒకే దినానికి గుదిగుచ్చిన పొడవాటి ఉల్లేఖనాన్ని ఇమామ్ ఇబ్నుల్ జౌజీ కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. ప్రవక్త (సఅసం) చెప్పని మాటను వారికి అంటగట్టడం ఎంతటి ఘోరమో మీకు తెలియనిది కాదు. వేలు కదిపి పదిమందికి పంపడం సులువే. కానీ ఆ పదిమందికీ అబద్ధం అందించిన బాధ్యత పంపినవారిదే.

ఒకే దినాన రెండు సంఘటనలు కలిస్తే వాటి మధ్య సంబంధం వెతకడం మనిషి స్వభావం. ప్రవక్త (సఅసం) కాలంలోనే అలా జరిగింది. హజ్రత్ మారియా ద్వారా కలిగిన వారి కుమారుడు ఇబ్రాహీం పసివయసులోనే కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ గణన ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ఆ బిడ్డ మృతికే సూర్యుడు చీకటి కమ్మాడని ప్రజలు చెప్పుకోసాగారు. మరొక నాయకుడైతే ఆ మాటను సాగనిచ్చేవాడే. దాన్ని ఖండించవలసిన తండ్రి అప్పుడే బిడ్డను మట్టికి అప్పగించి వచ్చారు. కళ్ళ తడి ఆరలేదు. అయినా వారు ప్రజలను నమాజులో నిలబెట్టి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఒకరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు.

ఈ ఒక్క బోధ మన ఇళ్ళలోకి ప్రవేశించి ఉంటే ఎందరు ఆడబిడ్డల కన్నీళ్ళు ఆగేవో! ముహర్రంలో నికాహ్ చేయకూడదని వాయిదా వేసేవారు నేటికీ మనలో ఉన్నారు. ఒకవేళ చేస్తే, ఆ ఏడాదిలో ఇంట ఎవరైనా మరణిస్తే, ఆ నింద కొత్త కోడలి నెత్తిన పడుతుంది. అడుగుపెట్టిన వేళ మంచిది కాదంటారు. స్వంత కుమారుని మరణానికే గ్రహణాన్ని ముడిపెట్టనివ్వని ప్రవక్త (సఅసం) అనుచరులమేనా మనం?

ఇక ఆషూరా గురించి ప్రామాణికంగా తెలిసినది చూద్దాం. అజ్ఞానకాలంలో ఖురైషులు సయితం ఆ రోజు ఉపవాసం ఉండేవారు. ప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చాక యూదులు ఆ రోజు ఉపవాసం పాటించడం చూశారు. మూసా (అలైహి)కూ ఇస్రాయీలు సంతతికీ ఫిరౌను నుండి విముక్తి లభించిన దినమని వారు చెప్పారు. మూసాకు తామే మరింత దగ్గరివారమని చెప్పి, వారు ఉపవాసం ఉండి, ఉండమని ఆదేశించారు. హిజ్రీ 2వ సంవత్సరంలో రమజాన్ రోజాలు విధి అయిన పిదప ఇది ఐచ్ఛికమైంది.

అదే తేదీన, హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680 అక్టోబరులో, కర్బలా జరిగింది. (హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు తక్కువ గనుక ఆషూరా అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది, 2009లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి వచ్చింది.) యజీద్‌కు విధేయతా ప్రమాణం చేయ నిరాకరించిన హజ్రత్ హుసైన్ (రజి), కూఫా వాసుల ఉత్తరాలను నమ్మి బయలుదేరారు. పిలిచినవారు మౌనం వహించారు. ఫురాత్ నది కనుచూపు మేరలోనే ఉన్నా, శిబిరంలోని పిల్లలకు నీరు అందకుండా సైన్యం అడ్డుగా నిలిచింది.

సోదరులారా! ఒకే తేదీన ఒకచోట సముద్రం చీలి దారి ఇచ్చింది. మరొకచోట దాహంతో ఉన్నవారికి నది నీరు దక్కలేదు. సత్యం పక్షాన ఉన్నవారు ఒకచోట ఒడ్డుకు చేరారు, మరొకచోట ఇసుకపై ఒరిగారు. తేదీకే శక్తి ఉంటే ఈ రెండూ ఎలా పొసగుతాయి?

ఆ ఉదయపు కర్బలానే చూడండి. సైన్యాధిపతి ఉమర్ బిన్ సఅద్ సామాన్యుడు కాడు. ఖాదిసియ్యా విజేత, మహా సహాబీ హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కుమారుడు. రయ్ ప్రాంతపు పాలనాధికారం ఆశ చూపగా లొంగిపోయాడు. హుర్ర్ బిన్ యజీద్ అదే సైన్యంలోని దళనాయకుడు. మొదట హుసైన్ (రజి) దారిని అడ్డగించినది ఆయనే. ఆషూరా ఉదయాన గుర్రాన్ని అటు మళ్ళించి, క్షమాపణ కోరి, హుసైన్ పక్షాన పోరాడి అమరుడయ్యాడు. ఇద్దరికీ అదే తేదీ, అదే మైదానం. ఒకరు పదవిని ఎంచుకున్నారు, మరొకరు అప్పటికే ఓడిపోనున్నవారి పక్షాన్ని ఎంచుకున్నారు.

హుసైన్ (రజి) కోసం దుఃఖించడం ఏ ఒక్క వర్గం సొత్తూ కాదు. హైదరాబాద్‌లో బీబీ కా ఆలం వెంట నడిచేవారూ, మన పల్లెల్లో పీర్ల ముందు నిలబడే హిందూ సోదరులూ ఆ పేరును గౌరవంతోనే తలుస్తారు. వారి పద్ధతులన్నీ మనవి కాకపోవచ్చు. వాటిపై వీధుల్లో వాదులాట పెట్టుకోవడం మాత్రం నా దృష్టిలో తగదు. అలాగే ఆ రోజున సుర్మా పెట్టుకొని సంబరం చేసుకోవాలన్న ఉల్లేఖనాలు కూడా కల్పితాలే. మన ముందున్నది ఉపవాసం.

మరుసటి ఏడు వరకు జీవించి ఉంటే తొమ్మిదవ తేదీన కూడా ఉపవాసం ఉంటానని ప్రవక్త (సఅసం) సంకల్పించారు. ఆ ఏడు రాకముందే పరమపదించారు. కనుక రేపు శనివారం, ఎల్లుండి ఆదివారం రోజా ఉండండి. రేపు వీలుకానివారు ఆది, సోమవారాలు ఉండవచ్చునని పండితులు తెలిపారు. ఇది నఫిల్ ఆరాధన. రోగులు, గర్భిణులు తమను కష్టపెట్టుకోనక్కరలేదు. కేవలం నెలను చూసి నికాహ్‌ను వాయిదా వేసుకున్న కుటుంబాలేవైనా ఉంటే, నమాజు తరువాత ఇరుపక్షాల పెద్దలూ వచ్చి మాట్లాడండి. ముహర్రంలో ఇంకా మూడు వారాలు మిగిలే ఉన్నాయి.